తన్నే ముందు దండం

మా ఇంట్లో కాళ్ళకు ఉన్నన్ని ఆంక్షలు జైల్లో ఖైదీలకు కూడా ఉండవు. కాగితానికి కాలు తగలకూడదు, అది సరస్వతి. బియ్యానికి తగలకూడదు, లక్ష్మి. తక్కెడకు తగలకూడదు, మాకు అన్నం పెట్టేది అదే. చీపురును దాటకూడదు, గడపను తొక్కకూడదు. మనిషికి తగిలిందా, ఇక చెప్పనే అక్కర్లేదు. తగిలిన మరుక్షణం వంగి, ఆ మనిషిని చేత్తో తాకి, ఆ చేతిని రెండు కళ్ళకూ అద్దుకోవాలి. పెద్దా చిన్నా తేడా లేదు. ఉయ్యాల్లో ఉన్న పసిబిడ్డకు తగిలినా అంతే.

బద్వేలు బజారులో మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో బస్తాలు. వంటింట్లోంచి వీధిలోకి రావాలంటే కందిపప్పు, చక్కెర, ఉప్పు బస్తాల నడుమ ఇరుకు సందులోంచి రావాలి. కాలు తగలక ఏం చేస్తుంది? బడికి బయల్దేరేలోపు నాలుగుసార్లు కళ్ళకద్దుకునేదాన్ని. మా అవ్వ, అంటే నాయన వాళ్ళ అమ్మ, గల్లాపెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుని అన్నీ గమనించేది. నేను మరిచిపోతే ఆమె గొంతు లేచేది. "ఏమే, కాలు తగిలింది గదా! కండ్లకద్దుకో!" పదేళ్ళు వచ్చేసరికి ఆ గొంతుతో పని లేకుండా పోయింది. కాలు తగలడం ఆలస్యం, చెయ్యి దానంతటదే కిందికి పోయి కళ్ళ దగ్గరకు వచ్చేది. నిద్రలో తగిలినా నా చెయ్యి లేచేదని అమ్మ నవ్వుతూ చెప్పేది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను కరాటే నేర్చుకున్నాను. దానికి కారణం ఒక బొమ్మల పిల్ల.

నేను ఏడో తరగతిలో ఉండగా మా కేబుల్లో తెలుగు మాట్లాడే కార్టూన్ల ఛానల్ వచ్చింది. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి జపాన్ వాళ్ళ సీరియల్ ఒకటి మొదలయ్యేది. మబ్బుల పైన ఒక బడి. అక్కడి పిల్లలందరికీ ఏదో ఒక మాయ వచ్చు. ఒకడు వేలు చూపిస్తే నిప్పు పుడుతుంది, ఒకతె పాడితే వాన పడుతుంది, ఇంకొకడు గాల్లో తేలుతాడు. వాళ్ళందరి మధ్యా రెండు పిలకల పిల్ల ఒకతె. ఆ పిల్లకు ఏ మాయా రాదు. ఉన్నవల్లా రెండు చేతులు, రెండు కాళ్ళు, చెవుల దాకా సాగే నవ్వు. గిన్నెలకు గిన్నెలు తినేది. కొట్లాట అంటే అందరికంటే ముందు లేచేది. రాక్షసుడు ఎదురొచ్చినా సరే, ముందు పకపకా నవ్వి, ఆ తర్వాతే తన్నేది.

నాకు ఆ పిల్ల అంటే పిచ్చి. ఎందుకంటే మా తరగతిలో కూడా అందరికీ ఏదో ఒకటి వచ్చు. ఒకడు లెక్కల్లో నూటికి నూరు. నా పక్కన కూర్చునే నా స్నేహితురాలు చర్చిలో పాడీ పాడీ గొంతు సానబెట్టుకున్న పిల్ల, ఆమె ప్రార్థన గీతం అందుకుంటే హెడ్మాస్టరు కూడా కళ్ళు మూసుకునేవాడు. నాకు మాత్రం ఏమీ రాదు. మార్కులు అత్తెసరు, పాడితే వీధి కుక్కలు లేచిపోయేవి. ఉన్నవల్లా కాళ్ళే. పరిగెత్తితే మగపిల్లలు కూడా అందుకునేవాళ్ళు కాదు. పైగా కోపం ముక్కు మీద ఉండేది. ఇంకేం కావాలి? నేనే ఆ పిల్లనని తేల్చేసుకున్నాను. రెండు పిలకలు వేయించుకున్నాను. అద్దం ముందు నిలబడి ఆ నవ్వు సాధన చేశాను.

అవ్వ కూడా నాతోపాటే చూసేది. అంటే, చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ ఓరకంట చూసేది. "అదేందే, మొగం నిండా కండ్లే ఉండాయి పిల్లోళ్ళకు?" అని ఒకసారి, "యా ఊరి తెలుగే ఇది? మనూర్లో ఎవురన్నా ఇట్ల మాట్లాడ్తారా?" అని ఇంకోసారి. కానీ కరెంటు పోతే నాకంటే ముందు ఉసూరుమనేది ఆమే.

ఎనిమిదో తరగతిలో మా బడికి కరాటే సారు వచ్చాడు. మంగళవారం, శుక్రవారం కడప నుంచి బస్సులో వచ్చి, మైదానంలో గంటసేపు నేర్పి, మళ్ళీ బస్సెక్కి పోయేవాడు. నేను ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి చేరతానన్నాను. నాయన, ఆడపిల్లకు ధైర్యం వస్తుందిలే అని ఒప్పుకున్నాడు. అవ్వ మాత్రం చింతపండు పక్కన పెట్టింది.

"ఏం నేర్పిస్తాడంట ఆ సారు?"

"తన్నేది, అవ్వా."

"దేన్ని?"

"మనుషుల్ని."

"శివ శివా!" అని చెవులు మూసుకుంది.

సారు ఇంట్లో కూడా సాధన చేయమన్నాడు, ఒక బస్తా వేలాడదీసుకుని తన్నమన్నాడు. బస్తాలకు మా ఇంట్లో కొదవా? కానీ దేన్ని తన్నాలి? బియ్యం కూడదు. కందులు కూడదు. ఉప్పా, అమ్మో, ఉప్పు కూడా లక్ష్మేనట. తవుడు మూట చూపిస్తే, అది ఆవు తినేది, ఎట్ల తన్నుతావు అంది అవ్వ. పాత పుస్తకాలు కుక్కిన సంచి వైపు చూసేసరికి ఆమె చూపు చూసి నేనే వెనక్కి తగ్గాను. అలా ఇల్లంతా తిరిగి తిరిగి చివరకు పెరట్లో పడి ఉన్న చెనిక్కాయ పొట్టు, అంటే వేరుశనగ తొక్కల కుప్ప, దగ్గర ఆగాం. అవ్వ గుప్పెడు పొట్టు చేతిలోకి తీసుకుని, ఊది చూసి, తీర్పు చెప్పింది.

"దీంట్లో లక్ష్మి లేదులే. తన్నుకో."

ఒక గోతాం నిండా పొట్టు కుక్కి, పెరట్లో రేకుల కింద కట్టాం. తన్నితే కరకరలాడేది. రోజూ బడి నుంచి రాగానే రెండు వందలు తన్నేదాన్ని. సంవత్సరం తిరిగేసరికి లోపలి పొట్టు పిండి పిండి అయిపోయింది, మూడుసార్లు మార్చాం. మూటను తన్నడంలో మా బడిలో నా అంతటిది లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే చెప్తున్నాను.

చిక్కల్లా మనుషుల దగ్గరే వచ్చింది. జోడీలు కట్టి ఫైటింగు మొదలుపెట్టించిన రోజు సారు నాకు నా స్నేహితురాలినే జోడీగా ఇచ్చాడు. నేను కాలు లేపి చక్కగా డొక్కలో తగిలించాను. తగిలిందో లేదో, నా నడుం వంగింది. చెయ్యి పోయి ఆమె డొక్కను తాకింది. రెండు కళ్ళకూ అద్దుకున్నాను. ఆ వంగిన తలకాయ మీద ఆమె టపీమని ఒకటిచ్చింది. మైదానమంతా నవ్వులు.

"ఏం చేస్తాండావు పాపా?" అన్నాడు సారు. "ఫైటింగు మధ్యలో పూజ ఏంది?"

ఫైటింగులో లెక్క ఇదీ: చేత్తో తగిలిస్తే ఒక పాయింటు, కాలితో తగిలిస్తే రెండు. నాకు చేతులు పొట్టి. కాళ్ళే నా ఆస్తి. అయితే తగిలినంత మాత్రాన పాయింటు రాదు. తన్నిన తర్వాత కూడా చేతులు పైకి పెట్టుకుని, నిలదొక్కుకుని, కళ్ళు ఎదుటి మనిషి మీదే ఉంచాలి. నేను చూస్తే తన్నగానే కళ్ళు మూసుకుని వాటికి చెయ్యి అద్దుకుంటున్నాను. ఇక పాయింటు ఎవరిస్తారు?

తొమ్మిదో తరగతిలో మొదటిసారి పోటీకి పోయాను, రాజంపేటకు. రెండు పిలకలు వేసుకుని, నా నవ్వు నవ్వుకుంటూ బరిలోకి దిగాను. మూడు తన్నులు తగిలించాను, మూడుసార్లు వంగాను, మూడుసార్లు కళ్ళకద్దుకున్నాను. రెఫరీ మొదటిసారి నోరెళ్ళబెట్టాడు, రెండోసారి మందలించాడు, మూడోసారి ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. జనంలోంచి ఎవరో "దండాల పాప!" అని అరిచారు. ఇక అదే నా పేరైపోయింది. ఒక్క పాయింటు రాకుండా ఓడిపోయాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. నా చెయ్యిని నేనే కొరుక్కోవాలనిపించింది.

మేం బస్సు దిగి ఇంటికి వచ్చేలోపే కబురు బజారుకు చేరింది. మర్నాడు అంగట్లో బెల్లం కొనడానికి వచ్చిన పెద్దమనిషి నాయన ముందు ఇకిలించాడు. "ఏం శెట్టీ, మీ పాప తన్నేదానికి పోయి మొక్కొచ్చిందంటనే!" నాయన తలొంచుకుని పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చినవాడూ అదే మాట. ఆ తర్వాతి వాడూ అదే. వారం రోజులు మా అంగట్లో సరుకుతోపాటు నా దండాలూ అమ్ముడుపోయాయి. తెర వెనక నిలబడి వింటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

వారం తర్వాత నాయన నన్ను పిలిచాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఇంగ నెలన్నరలో కర్నూల్లో పోటీలు ఉండాయంట, మీ సారు చెప్పినాడు. అది ఒక్కటి పోయిరా. ఒక్క మెడల్ తెచ్చినావా, నీ ఇష్టం, నేర్చుకో. ఆడ గూడా దండాలు పెట్టి వచ్చినావంటే ఆ తెల్లబట్టలు మడిచి పెట్టెలో పెట్టు. వచ్చే ఏడు పదో తరగతి. సదువుకో. నాకు బజార్లో తలెత్తుకోనీ."

కరాటే పోతే నాకు ఇంకేం మిగిలినట్టు? మార్కులా, పాటా? రెండు కాళ్ళు తప్ప ఏమీ లేనిదాన్ని, ఆ కాళ్ళను కూడా బస్తాల సందులో దాచుకుని బతకాలి.

ఇక చూడండి నా తిప్పలు. కుడి చేతికి రాయి కట్టుకుని సాధన చేశాను. రాయితో సహా చెయ్యి కళ్ళ దగ్గరకు వచ్చి నుదురు బొప్పి కట్టింది. నా స్నేహితురాలు జాలిపడి, నేను వంగినప్పుడల్లా మణికట్టు మీద చరిచేది. చేతులు వాచాయి గానీ అలవాటు చావలేదు. ఒకరోజు పళ్ళు బిగబట్టి, కళ్ళకద్దుకోకుండా ఆగాను. ఆ సాయంత్రమంతా ఆమెకు ఏమవుతుందో అని భయం. రాత్రి అన్నం దిగలేదు. మర్నాడు బడికి పోగానే మొదట ఆమె డొక్కను తాకి, కళ్ళకద్దుకుంటే గానీ మనసు కుదుటపడలేదు.

పోటీలకు పదిహేను రోజులుందనగా, ఒక సాయంత్రం నేను టీవీ ముందు మూతి ముడుచుకుని కూర్చున్నాను. పాత భాగాలే మళ్ళీ వేస్తున్నారు. రెండు పిలకల పిల్ల మొసలి తల రాక్షసుడి ముందు నిలబడి ఉంది. అవ్వ చింతపండు గింజలు తీస్తూ అడిగింది.

"ఏమే, ఆ పాప తన్నకముందు ఏం చేస్తాది?"

"నవ్వుతాది."

"నవ్వినాక?"

నేను ఆలోచించాను. "నవ్వినాక వంగి దండం పెడ్తాది."

"ఎందుకు పెడ్తాది?"

"అది రూలు అవ్వా. మా సారు గూడా మాతో పెట్టిస్తాడు."

"రూలు కాదే, పిచ్చి మొగమా!" అవ్వ చింతపండు చేత్తోనే టీవీ చూపించింది. "ముందే అడిగేసుకుంటాండాది. 'నా కాలు నీకు తగుల్తాది, ఏమనుకోవద్దబ్బా' అని. ఎదురుంగా ఉండే వాడు గూడా వంగుతాండాడు సూడు. 'సరేలే తల్లీ, నాది తగిలినా నువ్వేమనుకోవద్దు' అని. ఇద్దరూ ముందే అనుకున్యాక ఇంగ తప్పు యాడిది? నువ్వు తన్నినాక పెడ్తాండావు. ఆ పాప తన్నకముందే పెడ్తాండాది. అంతే గదా తేడా!"

ఫైటింగుకు ముందు మేమూ వంగుతాం. కానీ నేను బడిలో హాజరు పలికినట్టు వంగేదాన్ని, మనసు ఎక్కడో ఉండేది. రెండేళ్ళు కళ్ళార్పకుండా చూసి నేను ఆ పిల్ల దగ్గర నవ్వు ఒక్కటే నేర్చుకున్నాను. అవ్వ ఓరకంట చూసి అసలుది పట్టేసింది. ఇప్పుడు కడపలో నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు తన్నడం నేర్పను, ఆ దండం నేర్పుతాను. అది ఏ సారూ నాకు చెప్పింది కాదు, మా అవ్వ చెప్పింది.

"రా, లెయ్," అని అవ్వ చేతులు కడుక్కుంది. పెరట్లోకి పోయి పొట్టు మూట వెనక నిలబడి, రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది. "నాకు దండం పెట్టి, మూటను తన్ను."

"అవ్వా, నీకు తగుల్తాది!"

"తగలాలనే గదా నిలబడిండేది. ఊఁ, పెట్టు."

నేను వంగాను. మొట్టమొదటిసారి నిజంగా వంగాను. నా కాలు తగులుతుంది అవ్వా, ఏమనుకోవద్దు అని లోపల అనుకున్నాను.

"సరేలే అన్నాను. ఇంగ తన్ను."

కాలు లేవలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, నాకు ఉగ్గుపెట్టిన మనిషి. రెండుసార్లు లేపి దించేశాను. మూడోసారి అవ్వకు కోపం వచ్చింది. "అడిగినావా? అడిగినావు. సరే అన్నానా? అన్నాను. నా మాట మీద నమ్మకం లేదా నీకు?" అని కసిరింది. ఆ కసురుకే నా కాలు లేచింది. మూట కరకరమంది. అవ్వ రెండడుగులు వెనక్కి తూలి, గోడకు ఆనుకుని, పడీపడీ నవ్వింది. నా చెయ్యి చూసుకున్నాను. నడుం దాకా పోయి ఆగింది. అక్కడే ఉంది. కళ్ళ దగ్గరకు రాలేదు.

ఆ పదిహేను రోజులూ ప్రతి సాయంత్రం అవ్వ మూట పట్టింది, నేను తన్నాను. అమ్మ తల బాదుకుంది. నాయన చూసీ చూడనట్టు పోయేవాడు.

కర్నూలుకు నేనూ వస్తానని అవ్వ భీష్మించుకుంది. "నేను సరేనంటేనే తన్నుతాది అది. నేను లేకుంటే ఎట్ల?" అంటే నాయన ఏం చెప్తాడు? అంగడిని చిన్నాయనకు అప్పజెప్పి ఆయన కూడా బయల్దేరాడు. సారు, నేను, నా స్నేహితురాలు, నాయన, ఒళ్ళో బెల్లం పాకం పట్టి చుట్టిన చెనిక్కాయ ఉంటల డబ్బాతో అవ్వ, మైదుకూరు, నంద్యాల మీదుగా బస్సులో ఊగుతూ పోయాం. ముందురోజే పోయి మా కులం వాళ్ళ సత్రంలో దిగాం.

మర్నాడు పొద్దున పోటీలు. మొదటి ఫైటింగులో దండం పెట్టాను, తన్నాను, చెయ్యి కదిలింది గానీ లేవలేదు. గెలిచాను! రెండో దాంట్లో చెయ్యి అసలు కదలనే లేదు. మళ్ళీ గెలిచాను. నా స్నేహితురాలు మొదటి ఫైటింగులోనే ఓడిపోయి, ఆ దిగులంతా మరిచిపోయి నా పేరు పెట్టి అరుస్తోంది. మధ్యాహ్నానికి నేను ఫైనల్లో ఉన్నాను. ఫైనల్లో ఓడినా వెండి మెడల్ ఖాయం, అంటే నాయన అడిగింది వచ్చేసినట్టే. ఆ మాట నా స్నేహితురాలు అంటే, నాయన మెల్లగా అన్నాడు, "మెడల్ గాదు పాపా. మళ్ళా దండాలు పెడ్తే మాత్రం అది మెడలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే." ఆయన మొహంలోకి చూస్తే నాకు అర్థమైంది. బజారు జనం ఫైనల్ సంగతే అడుగుతారు.

ఫైనల్లో నా ఎదురు పిల్ల కోసిగి నుంచి వచ్చింది. ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నాకంటే జానెడు పొడుగు, చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయి. నీళ్ళ కుళాయి దగ్గర ఎదురుపడితే తనే పలకరించింది.

"రాజంపేటలో దండాలు పెట్టిండేది నువ్వేనంట గదా?"

నా పరువు కోసిగి దాకా పోయిందన్నమాట. నాకు చుర్రుమంది. కానీ ఆ పిల్ల నవ్వులో ఎకసెక్కం లేదు. "నాకు పెట్టొద్దు మే, నాకు నవ్వొచ్చి ఓడిపోతాను," అంది. మీ వాళ్ళు రాలేదా అని అడిగాను. "మా అమ్మ, నాయన సుగ్గికి పోయిండారు," అంది. సుగ్గి అంటే పంట కోతలకు దూరం ఊళ్ళకు వలస పోవడం. "వాళ్ళు వచ్చినాక చూపిస్తా, మెడల్ ఏదైనా." అంతే, చేతులు తుడుచుకుని పోయింది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు.

బరిలో ఎదురెదురుగా నిలబడ్డాం. వంగి దండం పెట్టాను. నా కాలు తగులుతుంది తల్లీ, ఏమనుకోవద్దు. ఆ పిల్ల కూడా వంగింది.

మొదలైన అరనిమిషానికే నా పని అయిపోయేట్టు కనిపించింది. ఆ పొడుగు చేతులు యాడ్నుంచి వస్తున్నాయో తెలియదు, టక్ టక్ టక్ మని మూడు తగిలాయి. మూడు, సున్నా. తడబడ్డాను. తడబాటులో కాలు విసిరాను, డొక్కలో గట్టిగా తగిలింది. ఆ పిల్ల "అమ్మా" అంది. ఆ మాట చెవిన పడగానే నా నడుం వంగింది. పదిహేను రోజుల సాధన గంగలో కలిసింది. చెయ్యి పోయి ఆ పిల్లను తాకింది, కళ్ళ దగ్గరకు వచ్చేసింది. పాయింటు రాలేదు. "దండాల పాప!" ఎవరో అరిచారు. హాలంతా గొల్లున నవ్వింది.

ఆ నవ్వుల మీదుగా ఒక గొంతు లేచింది. చెవులు చిల్లులు పడే గొంతు. నా చిన్నతనమంతా గల్లాపెట్టె పక్కన విన్న గొంతు.

"ఏమేయ్! దండం అప్పుడే అయిపాయె గదే! మళ్ళా ఏంది? ఆ పాప సరేనన్యాది, నేను సూసినా! తన్నే! తన్ను!"

హాలు హాలంతా అటు తిరిగింది. కుర్చీ మీద నిలబడి ఉంది మా అవ్వ. పక్కన నాయన ఆమె పడిపోకుండా కొంగు పట్టుకుని ఉన్నాడు. కాలు తగిలితే కళ్ళకద్దుకోమని జీవితమంతా అరిచిన మనిషి, కర్నూలు హాల్లో అంతమంది ముందు తన్నమని అరుస్తోంది. నాకు నవ్వు వచ్చింది. అద్దం ముందు నేర్చుకున్నది కాదు, కడుపులోంచి వచ్చింది. రెఫరీ ఆగమన్నా ఆగలేదు. ఎదురు పిల్ల కూడా నవ్వేసింది. నవ్వుతూనే ఇద్దరం మళ్ళీ నిలబడ్డాం.

కాలు లేచింది. తగిలింది. చెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, గడ్డం ముందు. కళ్ళు ఆ పిల్ల మీదే ఉన్నాయి. రెండు! మళ్ళీ తన్నాను. నాలుగు! ఆ పిల్ల తక్కువ తిన్నదా, చెయ్యి చాచి ఒకటి అంటించింది. నాలుగు, నాలుగు. సమయం అయిపోవచ్చింది. అవ్వ గొంతుతోపాటు ఇంకో గొంతు వినబడింది. బజార్లో ఎన్ని మాటలు పడ్డా నోరెత్తని మా నాయన, "తన్ను పాపా!" అని గావుకేక పెట్టాడు. పక్కకు ఒక అడుగు వేసి, ఆ పొడుగు చేతుల కింద నుంచి కాలు తిప్పాను. తగిలిన చప్పుడు పొట్టు మూట చప్పుడులాగే ఉంది. ఆరు!

రెఫరీ నా వైపు చెయ్యి ఎత్తేదాకా నేను కదల్లేదు. చెయ్యి ఎత్తాక ఎగిరాను చూడండి, నేల మీద కాలు ఆనితే ఒట్టు.

మెడల్స్ వేశాక కోసిగి పిల్ల దగ్గరకు పోయి, భుజం తాకి ఒక్కసారి కళ్ళకద్దుకున్నాను. అన్ని తన్నులకూ కలిపి ఒక్కటి. ఆ పిల్ల కూడా నా భుజం తాకి కళ్ళకద్దుకుంది. అవ్వ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి ఉంటల డబ్బా తీసింది. ముందు ఆ పిల్ల దోసిలి నింపింది. "మీ అమ్మోళ్ళు వచ్చినాక చెప్పు, శానా బాగా కొట్లాడినానని. బద్వేలు అవ్వ చెప్పిందని చెప్పు," అంది. ఆ పిల్ల నోటి నిండా ఉంటతో తలూపింది.

అప్పుడు చూసుకున్నాను, నా కుడి పాదం పైన వాచి ఎర్రగా కమిలింది. అవ్వ మెట్టు మీద కూర్చుని, నా పాదాన్ని లాగి ఒళ్ళో పెట్టుకుంది. నేను అదిరిపడి వెనక్కి లాక్కున్నాను. వంగి ఆమెను తాకబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపింది. పాదాన్ని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"ఉండనీ. ఈ పొద్దు దీనికి తప్పు లేదు. గెలిచిండేది ఇదే గదా," అని కొంగుతో తుడిచింది. నాకు ఏడుపు ఆగలేదు. ఓడినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఇంటికి వచ్చిన మర్నాడు బడి నుంచి వచ్చేసరికి పెరట్లో రేకుల కింద నా పొట్టు మూట లేదు. మెడల్ తెచ్చాక కూడా నాయన మానమంటాడా అని, బస్తాల సందులోంచి పరిగెత్తుకుంటూ అంగట్లోకి వచ్చాను. నాయన స్టూలు మీద నిలబడి ఉన్నాడు. కొత్త గోతాం, కొత్త మోకు. బజారులో పోయే ప్రతివాడికీ కనబడేలా, అంగడి ముందు వసారా దూలానికి నా మూట కడుతున్నాడు. కింద అవ్వ మోకు కొస పట్టుకుని ఉంది.

వారం రోజులు మమ్మల్ని ఆడిపోసుకున్న ఆ బెల్లం పెద్దమనిషే అప్పుడు వచ్చాడు. మూటను ఒకసారి తట్టి చూసి, "ఏం శెట్టీ, ఏం సరుకు ఇది? కొత్తగా వచ్చిండాదా?" అన్నాడు.

నాయన ముడి బిగించి, స్టూలు దిగి, చేతులు దులుపుకున్నాడు. తలెత్తి ఆయన కళ్ళల్లోకి చూశాడు.

"అమ్మేది కాదప్పా. మా పాప తన్నేది."